ఎదురింటక్క నోరు, నా నోరు

మా చర్చిలో ఆదివారం పాటలు అయిపోయాక, పాస్టరు అయ్యగారి వాక్యం మొదలుకాకముందు ఒక పావుగంట ప్రార్థన మనవులకని ఉంచుతారు. ఎవరికి ఏ కష్టమున్నా లేచి మైకులో చెప్పుకోవచ్చు. సంఘమంతా కలిసి ఆ కష్టం కోసం ప్రార్థిస్తుంది. వినడానికి ఎంత బాగుంది. నిజానికి బాగానే ఉంటుంది కూడా. కానీ నాచారంలో మా వీధిలో ఎవరి కొడుకు ఇంటర్ తప్పాడో, ఎవరి అల్లుడు అలిగి వెళ్ళిపోయాడో, ఎవరికి షుగర్ ఎంత పెరిగిందో తెలుసుకోవాలంటే ఆ పావుగంటను మించింది లేదు. "ఫలానా ఇంట్లో శాంతి సమాధానం లేదు, ప్రార్థించండి" అని కళ్ళు తుడుచుకుంటూ చెబుతాం. ప్రేమతోనే చెబుతాం. చెప్పి కూర్చున్నాక లోపల కాస్త తృప్తిగా ఉంటుంది చూడండి, దాన్నేమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ విషయంలో మా సంఘం మొత్తం మీద మొదటి ముద్దాయిని నేనే. ఇరవై రెండేళ్ళుగా ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నాను. బడి గోడ పక్కనే లారీలు పోయే రోడ్డు. ఆ మోత మీదుగా చివరి బెంచీకి వినబడేలా చెప్పీ చెప్పీ నా గొంతు అలా తయారైంది. కోపం కూడా అంతే, ఇట్టే పొంగుతుంది, ఇట్టే దిగుతుంది. "నీ నోరు మున్సిపాలిటీ నల్లా. ఇప్పితే బిందె నిండినా ఆగదు," అంటాడు మా ఆయన. ఆయన తక్కువ మాట్లాడతాడు కాబట్టి మా ఇల్లు ఇన్నేళ్ళు నిలబడింది.

మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, రెండు గదుల పోర్షన్లో ఒక అక్క ఉంటుంది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. జనగామ అవతలి పల్లె నుంచి, పెళ్ళయిన కొత్తలో, భర్తకు ఇక్కడ ఫ్యాక్టరీలో పని దొరికితే వచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే ఉంటుంది. ప్లాస్టిక్ సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీ వాళ్ళు వారం వారం ఒక గోనెసంచి నిండా మూతలు తెచ్చి ఆమె అరుగు మీద పడేసి పోతారు. ఒక్కో మూత లోపల పల్చటి గుండ్రటి వాచరు పెట్టాలి. అదే ఆమె బతుకుతెరువు. శుక్రవారం సాయంత్రం ఆటో వచ్చేసరికి సంచి తయారుగా లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

ఇదంతా ఒక ఎత్తు, ఆమె పాట ఒక ఎత్తు. మా వీధిలో బతుకమ్మ అంటే ఆ అక్కే. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే నలభై మంది ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిప్పి పాడాల్సిందే. మేము క్రైస్తవులం, బతుకమ్మ ఆడం. అయినా ఆ తొమ్మిది రోజులూ నేను మా గుమ్మంలో కూర్చుని ఆమె పాట వినేదాన్ని. ఇందులో నాకు దాపరికమేమీ లేదు. ఆ గొంతులో పొలం ఉంది, బావి ఉంది, నేను ఎన్నడూ చూడని ఊరు ఉంది.

అలాంటి మనిషి పోయినేడు పాడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గొంతు బాగలేదు," అని వెనక వరసలో నిలబడింది. ఆమె స్థానంలో ఒక డీజే డబ్బా తెచ్చి పెట్టారు. ఆ డబ్బా చుట్టూ తిరిగారే గాని ఎవరి నోటా పాట లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అసలు సంగతి ఈ ఏడు జూన్‌లో బయటపడింది. మామిడికాయ తొక్కు ఇద్దామని గిన్నె పట్టుకుని పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అక్క చాయ్‌లో రొట్టె నానబెట్టుకుని, అది పూర్తిగా మెత్తబడ్డాక వేలితో తీసుకుని మింగుతోంది. కొంగు నోటి మీద లేదు. ముందరి పళ్ళు లేవు. మిగిలినవి కూడా తలో పక్కకు ఒరిగి ఉన్నాయి. నన్ను చూడగానే గబుక్కున కొంగు లాక్కుంది. వేరే వాళ్ళయితే చూడనట్టు నటించేవాళ్ళేమో, నాకది చేతకాదు.

"ఏందక్కా, పండ్లేమైనయి?"

ముందు చాయ్ గ్లాసు పక్కకు జరిపింది. తర్వాత కొంగు వెనక నుంచే చెప్పింది. "ఉప్పల్ రింగురోడ్డు కాడ బస్సు దిగంగ పడ్డ. రెండు అప్పుడే పోయినయి. మిగిలినయి గంతకుముందునుంచే ఊగుతున్నయి."

"అందుకేనా పాడుతలేవు?"

"పండ్లు లేని నోట్ల పాటేడిది టీచరమ్మా. గాలి వోతది. పోరగాండ్లు నవ్వుతరు." నా చేతిలోని తొక్కు గిన్నె అందుకుంటూ అంది. "సచ్చేలోపల ఒక్క సద్దుల బతుకమ్మ నాడన్న నోరార పాడాలె. నాకింకేం కోరికల్లేవు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె అడిగింది ఇల్లూ కాదు, నగా కాదు, ఒక సాయంత్రం నోరారా పాడుకోవడం. ఘట్‌కేసర్ రోడ్డులో పళ్ళ డాక్టర్ల కాలేజీ ఒకటుందని, అక్కడ చదువుకునే పిల్లలు పెద్ద డాక్టర్ల ముందర లేనివాళ్ళకు పళ్ళు కడతారని, కాకపోతే ఆరేడుసార్లు తిరగాలని నాకు తెలుసు. చెప్పాను. ఒక్కదాన్నే పోలేనంది. తోడు నేనొస్తానన్నాను. అప్పుడామె నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవ్వలకు చెప్పకు. నీకు దండం వెడ్త."

మాకు ఒట్టు పెట్టడం నిషేధం. అందుకని ఒట్టు పెట్టకుండానే చెప్పనన్నాను. ఆ రోజు ఒట్టు పెట్టి ఉంటే బాగుండేది.

బడి తెరవడానికి ఇంకా వారం ఉంది కాబట్టి మర్నాడే ఉప్పల్లో బస్సెక్కాం. అన్నోజిగూడ దాటేవరకు అక్క నా చెయ్యి వదల్లేదు. తీరా కుర్చీలో కూర్చున్నాక కథ తిరగబడింది. పళ్ళు పీకాల్సిన పిల్ల ఇంకా చదువుకుంటున్నదే, చేతులు వణుకుతున్నాయి. అక్కే ఆ పిల్ల మోచెయ్యి నిమిరి, "గుంజు బిడ్డా, ఫికర్ జెయ్యకు. అవి ఎట్లాగూ పోయేటియే," అంది. ఆ పిల్ల నవ్వేసి, ఆ తర్వాత చకచకా పని చేసింది. చిగుళ్ళు మానడానికి రెండు నెలలు పడుతుందని, ఆగస్టులో ఒక గురువారం వస్తే అచ్చు తీస్తామని, అక్కడి నుంచి నెల రోజుల్లో పళ్ళు తయారవుతాయని చెప్పారు. పండగకు సరిగ్గా అందుతాయి. తిరుగు బస్సులో అక్క నోట్లో దూది పెట్టుకుని కూడా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది.

ఇక నా ఘనకార్యం. ఆగస్టులో, అచ్చు తీసే గురువారానికి ముందు వచ్చిన ఆదివారం, మనవుల సమయంలో మైకు నా దాకా వచ్చింది. రెండు నెలలు నోరు మూసుకుని ఉన్నాను, నాకు అదే రికార్డు. ఆ పూట నా మనసులో ఉన్నది ప్రార్థనా, గొప్పా అని అడిగితే సగం సగం అని ఒప్పుకుంటాను.

"పేరు చెప్పను," అని మొదలుపెట్టాను. "మా ఎదురింట్లో ఉండే అక్క, బతుకమ్మ పాటలు పాడే ఆమె, పళ్ళన్నీ పోయి చాలా బాధపడుతోంది. నేనే దవాఖానాకు తీసుకుపోతున్నాను. కొత్త పళ్ళు చక్కగా కుదిరేలా అందరూ ప్రార్థించండి."

పేరు చెప్పలేదు కదా అని నిశ్చింతగా కూర్చున్నాను. సంఘమంతా ఆమెన్ అంది. మా చర్చి మా వీధి మొగలోనే, గేటు మీద ఒక స్పీకరుంది. దాని మొహం నేరుగా మా వీధి వైపే. కిటికీలోంచి చూస్తే అక్క తన అరుగు మీద మూతల సంచి ముందు కూర్చుని ఉంది. కిరాణా కొట్టు దగ్గరున్న నలుగురూ ఆమె వైపే చూస్తున్నారు. చేతిలోని మూతను నెమ్మదిగా సంచిలో వేసి, లేచి లోపలికి పోయి, గడియ పెట్టుకుంది.  ఆ రోజు అయ్యగారు ఏం వాక్యం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

వాక్యం అయ్యీ అవ్వగానే పరుగెత్తి తలుపు కొట్టాను. తియ్యలేదు. "అక్కా, తప్పయింది," అన్నాను. లోపలి నుంచి నిదానంగా మాట వచ్చింది.

"మీ దేవునికి చెవులు వినవడవా టీచరమ్మా? మైకుల చెప్తెనే వింటడా?"

 ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పిన నోటిని కొంగుతో మూసుకుని ఇంటికొచ్చాను.

ఆ గురువారం ఆమె దవాఖానాకు పోలేదు. ఆ పళ్ళు పీకిన పిల్లకు ఫోన్ చేస్తే, వచ్చే గురువారం తప్పితే ఇక పండగలోపల అవ్వదని చెప్పింది. అంటే నా నోటి పుణ్యాన ఆమె పాట ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. ఏడాది తర్వాత ఎవరెలా ఉంటారో ఎవరికి తెలుసు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మా ఆయన ఒక్కసారి కూడా దెప్పలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది.

శనివారం స్త్రీల కూడికలో ఉన్నదున్నట్టు ఒప్పుకుని ఏడ్చాను. అందరూ అయ్యో అన్నారు. ఒకావిడ మాత్రం, "పోనీ సిస్టర్, ఇదీ మంచికేనేమో. వాళ్ళ పండగ పాటలకు మనం పళ్ళు కట్టియ్యాల్నా అని నేనూ అనుకుంటున్న," అంది. నాకు తల్లోంచి పొగలొచ్చాయి. నోరు తెరిచేలోపల ముందు వరసలో చేతికర్ర టక్కుమంది.

ఆమె మా సంఘంలో అందరికంటే పెద్దది. అందరం పెద్దమ్మ అంటాం. సర్కారు దవాఖానాలో నర్సు చేసి రిటైరైంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళను మెడ తిప్పి ఒక్క చూపు చూస్తుంది, ఆ చూపుకు భయపడి అయ్యగారు కూడా టైముకు వస్తారు. ఆమె పాడితే కీబోర్డు వినబడదు. అలాంటి మనిషి కచ్చితంగా ఆ అడ్డం మాట్లాడిన ఆవిడ పక్షమే మాట్లాడుతుందని నేను అనుకున్నాను.

"మన ప్రభువు మూగోనికి మాటిచ్చినప్పుడు, నువ్వు రేపు ఏం పాట పాడుతవురా అని అడిగిండా?" అంది పెద్దమ్మ.

ఆ ఆవిడ పాటల పుస్తకం తెరిచి అందులో తల దూర్చింది.

"నోరిచ్చుడు మన పని. పాట ఆమె ఇష్టం." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు సోమారం పొద్దుగాల నాతోని రా. నోరు మూసుకొని రా."

సోమవారం పొద్దున అక్క తలుపును పెద్దమ్మ కర్రతో కొట్టింది. అంత పెద్దామెను మెట్ల మీద నిలబెట్టలేక అక్క తలుపు తీసింది. నన్ను చూడనట్టే కుర్చీ వేసింది. పెద్దమ్మ కూర్చుని మంచినీళ్ళు అడిగింది. స్టీలు గ్లాసులో తెచ్చిచ్చింది అక్క. పెద్దమ్మ సగం తాగి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, నోట్లో రెండు వేళ్ళు పెట్టి పై వరస పళ్ళు మొత్తం ఊడదీసి ఆ నీళ్ళలో వేసింది. తర్వాత కింది వరస.

 పదిహేనేళ్ళుగా ఆమె వెనక వరసలో కూర్చుని పాడుతున్నాను. బుగ్గలు రెండూ లోపలికి పోయి, ఇప్పుడామె వేరే ఎవరో ముసలమ్మలా ఉంది.

"ఇగ సూడు," అంది పెద్దమ్మ బోసినోటితో. "పదేండ్లాయె. నా కోడలికి తప్ప ఎవ్వలకు ఎర్క లేదు. ఇయ్యాల ఈ టీచరమ్మకు ఎర్కైంది గద, ఇగ ఆదివారానికి నాచారమంత ఎర్కైతది."

అక్క నవ్వింది. ముందు ముక్కుతో చిన్నగా, ఆ తర్వాత ఆపుకోలేక పెద్దగా. చెయ్యి నోటి దాకా పోనేలేదు. పెద్దమ్మ కూడా నవ్వింది. ఒక్క పన్ను లేని రెండు నోళ్ళు ఎదురెదురుగా అలా నవ్వుతుంటే, మధ్యలో నిలబడి నేను ఏడుస్తున్నాను. అది సంతోషమే. (పెద్దమ్మ పళ్ళ సంగతి ఇక్కడ రాయడానికి పెద్దమ్మనే అడిగాను. "రాసుకో. ఇంకెన్ని దినాలు దాస్త," అంది.)

"గివి పెట్టుకొని గంత గట్టిగ ఎట్ల పాడుతవు పెద్దమ్మా?" అని అడిగింది అక్క.

పెద్దమ్మ గ్లాసులోంచి పళ్ళు తీసి మళ్ళీ పెట్టుకుని, కూర్చున్న చోటే ఒక పాట ఎత్తుకుంది. గోడ అర మీది గిన్నెలు కదిలినంత పని అయింది. ఆపి, "గురువారం నేనొస్త నీతోని," అంది.

నేను ఆ సందు చూసుకుని, "అక్కా, నాది తప్పే," అన్నాను.

"తప్పే. కొత్త పండ్లొచ్చినంక ఫస్టు నిన్నే కొరుకుత," అంది అక్క. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఆ తర్వాతి గురువారాలు మా సంఘానికి పండగలే. నాకు బడి ఉంటుంది కాబట్టి ఒక వారం పెద్దమ్మ, ఒక వారం అయ్యగారి భార్య, ఇంకో వారం ఆ రోజు అడ్డం మాట్లాడిన ఆవిడే తోడు వెళ్ళారు. ఆవిడను ఎవరూ అడగలేదు, తనే టిఫిన్ డబ్బా కట్టుకుని వచ్చింది. హబ్సిగూడలో పనిచేసే మా సంఘం చెల్లి ఒకామె తోడు రావడానికి డ్యూటీ మార్పించుకుంది. అక్క దవాఖానాలో ఉన్న రోజు మూతల పని ఆగకూడదు కదా, మిగిలిన ఆడవాళ్ళు ఆమె అరుగు మీద కూర్చుని వాచర్లు పెట్టేవాళ్ళు. పాడుకుంటూ పెట్టేవాళ్ళు. మధ్యలో ప్రార్థన కూడా చేసేవాళ్ళు, కళ్ళు మూసుకుని, చేతులు మాత్రం ఆపకుండా.

దాని ఫలితం ఒక శుక్రవారం పొద్దున తెలిసింది. వాచరుకు ఒక వైపు మెరుపు ఉంటుంది, ఆ వైపు బయటికి కనబడాలి. మావాళ్ళు భక్తిలో పడి సంచి మొత్తం తిరగేసి పెట్టారు. అక్క సంచి మూతి విప్పి చూసి నెత్తి పట్టుకుంది. సాయంత్రానికి ఆటో వస్తుంది. ఆ రోజు చర్చిలో ఉపవాస ప్రార్థన. మా బడికి ఏదో సెలవుండి నేనూ ఉన్నాను. సంచి ఎత్తుకొచ్చి చాపల మీద కుమ్మరించాం. జడపిన్నులతో ఒక్కొక్క వాచరు పీకి, తిప్పి మళ్ళీ పెట్టాం. అయ్యగారు కాసేపు నిలబడి వాక్యం చెప్పారు, వినేవాళ్ళందరి తలలూ మూతల్లోనే ఉండటం చూసి ఆయనా కూర్చుని ఒక జడపిన్ను అడిగారు. అక్క చర్చి మెట్ల మీద కూర్చుని అక్కడి నుంచే అజమాయిషీ చేసింది.

"అయ్యగారూ, గది గూడ ఉల్టానే," అంటే ఆయన సిగ్గుపడి మళ్ళీ తీశారు.

నేను అంత నవ్విన ఉపవాస ప్రార్థన ఇంకోటి లేదు. ఆకలి సంగతే మరిచిపోయాం.

మీరెందుకింత చేస్తారమ్మా అని ఆ కిరాణా కొట్టాయన ఒకసారి అడిగాడు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టాక, చేటలోని బియ్యంలోంచి ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోసేది. అది దేవుడిది. ఆదివారం చర్చికి పోయి, అక్కడి నుంచి లేనివాళ్ళ ఇంటికి పోయేది. మా ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో కూడా ఆ పిడికెడు తీశాకే మిగిలింది మాకు వండేది. అలా తియ్యకపోతే అన్నం మాది కానట్టు ఉండేది ఆమెకు. మా గురువారాలు కూడా అలాంటివే. ప్రభువు మమ్మల్ని ప్రేమించాడని ఆదివారమంతా పాడి, ఎదురింటి ఆమెకు ఒక పూట ఇవ్వలేకపోతే ఆ పాట మాకే రుచించదు. కొట్టాయనకు ఇదంతా చెప్పలేక, "అక్క పాట కోసం," అన్నాను. అదీ అబద్ధం కాదు.

సెప్టెంబరులో పళ్ళు వచ్చాయి. అద్దంలో చూసుకుని అక్క మురిసిపోయింది. మాట్లాడబోతే ప్రతి మాటకూ ఒక ఈల వచ్చింది.

"ఇవి నా పండ్లు గావు. ఎవలో నా నోట్ల కిరాయికి దిగినట్టున్నది," అంది దిగులుగా.

పెద్దమ్మ ఊరుకోలేదు. రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చునేది. మాట్లాడితే అలవాటు కావు, పాడితేనే అవుతాయనేది. ఏం పాడాలె అంటే, "నీ పాటనే పాడు, నా పాట నేను పాడుకుంట తీ," అనేది. ఒకసారి మళ్ళీ దవాఖానాకు పోయి పళ్ళను కొంచెం అరగదీయించుకొచ్చారు. ఈల తగ్గింది. కానీ గొంతు పూర్తిగా విప్పి నోరు తెరిస్తే పై వరస కిందికి జారుతోంది. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు అక్క పాడలేదు. తర్వాతి రోజూ పాడలేదు. ఎనిమిది రోజులు డీజే డబ్బానే మోగింది. ఎనిమిది రోజులూ నేను గుమ్మంలో కూర్చుని నా పమిట చెంగు నేనే నలుపుకున్నాను. నల్లా దగ్గర కలిస్తే అడగలేదు. అడగకుండా ఉండటం నేర్చుకుంటున్నాను మరి.

చివరి రోజు, సద్దుల బతుకమ్మ వచ్చింది. ఒకప్పుడు చెంగిచెర్ల వైపు పోతే తంగేడు ఎంత కావాలంటే అంత దొరికేదట, ఇప్పుడక్కడ అన్నీ ఇళ్ళే. అక్క ఉప్పల్ మార్కెట్ నుంచి పూలు తెచ్చుకుని మోకాలెత్తు బతుకమ్మ పేర్చింది. సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికి వచ్చి, చెప్పకుండానే మా గుమ్మంలో కుర్చీ వేసుకుంది. చర్చి గేటు దగ్గర మావాళ్ళు నలుగురైదుగురు ఏదో పని ఉన్నట్టు నిలబడ్డారు.

ఆడవాళ్ళు వరసలు కట్టారు. డబ్బా మోగడం మొదలైంది. అక్క వెనక వరసలోనే ఉంది. నాకు రక్తం మరిగింది. పోయి ఆ డబ్బాను కాలితో తన్నాలనిపించి లేచాను. పెద్దమ్మ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"నోరు మూసుకో. అది ఆమె పండుగ."

అప్పుడు అక్క వరసలోంచి బయటికొచ్చింది. నడుచుకుంటూ పోయి డబ్బా వైరు పీకేసింది.  మధ్యలో నిలబడి, కొంగు నడుముకు దోపి, మొదటి చరణం ఎత్తుకుంది.

మొదట కాస్త వణికింది. రెండో చరణానికి గొంతు దారిలో పడింది. మూడోదాన్లో బాగా పైకి పోయినప్పుడు పై వరస జారింది.  అక్క చప్పట్లు కొడుతున్న చేతి బొటనవేలితోనే పళ్ళను పైకి నొక్కి, తాళం తప్పకుండా అందుకుంది. ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ముప్పైరెండు పళ్ళూ కనబడేలా, నవ్వుతూనే పాడింది. ఇక ఆపలేదు. నలభై మంది తిప్పి పాడుతుంటే మా వీధి మొత్తం ఊగింది. రోడ్డు మీది లారీల మోత ఎటు పోయిందో తెలియదు. పెద్దమ్మ వేళ్ళు కుర్చీ చెయ్యి మీద తాళం వేస్తున్నాయి, నేను చూశానని తెలిసి కూడా ఆపలేదు. ఆ అడ్డం మాట్లాడిన ఆవిడ చర్చి గేటు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

తర్వాతి ఆదివారం మనవుల సమయంలో గేటు దగ్గర ఎవరో నిలబడ్డారని అందరూ తిరిగి చూశారు. అక్క. చెప్పులు విప్పలేదు, లోపలికి రాలేదు. మెట్టు మీదే నిలబడి, మైకు ఇయ్యమన్నట్టు చెయ్యి చాచింది. అయ్యగారు వైరు ఎంతవరకు వస్తే అంతవరకు వెళ్ళి ఇచ్చారు.

"అందరికి దండాలు," అంది. బయట స్పీకరులోంచి ఆమె గొంతు వీధంతా వినబడింది. "మీరు నాకు నోరిచ్చిన్రు. సచ్చిందాక మర్వ. ఇగ నాయి రెండు మనవులున్నయి. ఒకటి, గీ టీచరమ్మ నోటికి జర తాళం వెయ్యుమని మీ దేవునికి చెప్పుండ్రి."

సంఘమంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

"రెండోది. మన వాడకట్ల ఒకలకు కష్టమున్నది. గురువారం పొద్దుగాల ఇద్దరు ఆడోళ్ళు నాతోని రావాలె. పేరు చెప్ప. ఏం కష్టమో గూడ చెప్ప. దేవునికి ఎర్కే గద."

మైకు తిరిగి ఇచ్చేసింది. ఎవరక్కా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి దాన్ని మింగేసి, చెయ్యెత్తాను. నా పక్కనే ఇంకో చెయ్యి లేచింది. పెద్దమ్మది.

గురువారం బడికి సెలవు చీటీ పంపాను. కారణం దగ్గర సొంత పని అని రాశాను. పొద్దున్నే అక్క ముందు నడిచింది, మేమిద్దరం వెనకాల నడిచాం. ఎవరింటికి వెళ్ళామో, అక్కడ ఏం చేశామో ఇక్కడ రాయను.